సరంగు అవుదామని బయల్దేరి బోటు మెకానిక్‌ అయ్యాను: నా అనుభవం

పడవల దగ్గర పని చేస్తానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట "అయితే బోటు నడుపుతావా?" అని. నడపను, ఇంజిన్లు బాగుచేస్తాను. నిజానికి నడుపుదామనే ఈ దారిలోకి వచ్చాను. సరంగు సీటులో కూర్చోవాలని ఎంత కోరిక ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. అది కుదరలేదు, కుదరకపోయాక ఏడాదిన్నర పాటు ఏ పని నాది అన్నది తెలియక యార్డులో ఒక్కో పనీ పట్టుకుని చూశాను, ఆ తిరుగుడులోనే నాకు సరిపోయినది దొరికింది. ఈ లైన్‌లోకి ఎలా రావాలి, ఏం చదవాలి అని ఈ మధ్య కుర్రాళ్లు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా ఎంత చెప్పినా సగమే చెప్పినట్టు ఉంటోంది, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అంతకుముందు నాలుగేళ్లు కార్ల మెకానిక్ షెడ్డులో చేశాను. పని బాగానే వచ్చు, కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే షెడ్డు, అవే నాలుగు గోడలు. నీళ్ల మీద బతకాలి అనిపించేది. పడవ ఉద్యోగం అంటే నా లెక్కలో రెండే రకాలు, నడిపేవాడు, లంగరు వేసి తాళ్లు కట్టే కళాసీ. ముందు కళాసీగా చేరి, తర్వాత పరీక్షలు రాసి పైకి వెళ్లొచ్చు అనుకున్నాను. ఆలోచన తప్పేమీ కాదు, చాలామంది అలాగే వెళ్తారు. నేను చేసిన పొరపాటు వేరే ఉంది, దాని దగ్గరికే వస్తున్నా.

సముద్రం మీద జీతానికి పనిచేయాలంటే ఎక్కడైనా ముందు అడిగేది ఎస్‌టీసీడబ్ల్యూ బేసిక్ సేఫ్టీ సర్టిఫికెట్. ఎస్‌టీసీడబ్ల్యూ అంటే నావికుల శిక్షణ, సర్టిఫికెట్లు, డ్యూటీ గురించి 1978లో దేశాలన్నీ కలిసి చేసుకున్న ఒప్పందం. 1995లో దాన్ని దాదాపు తిరగరాశారు, 2010లో మనీలాలో మళ్లీ సవరించారు. బేసిక్ కోర్సులో నాలుగు భాగాలు: నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, నౌక మీద సొంత భద్రతతో పాటు తోటివాళ్లతో మెలిగే పద్ధతి. మొదటి రెండూ అయిదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి.

ఆ కోర్సులో నాకు బాగా గుర్తుండిపోయింది బోర్లా పడిన లైఫ్‌రాఫ్ట్‌ని తిప్పడం. కొలనులో లైఫ్‌జాకెట్ వేసుకుని దాని దగ్గరికి ఈదుకెళ్లాలి, గ్యాస్ సిలిండర్ ఉన్న వైపు అంచు మీద కాళ్లు ఆనించి పైకెక్కి, అడుగున ఉన్న పట్టీ రెండు చేతులా పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చాలి. రాఫ్ట్ నెమ్మదిగా లేచి, నిలువుగా నిలబడినట్టే నిలబడి, దభీమని మన మీదే పడుతుంది. ఒక్కసారిగా చీకటి, ముఖం మీద తడి రబ్బరు. అప్పుడు కంగారుపడకుండా వెల్లకిలా ఉండి చేతులతో రాఫ్ట్ అడుగుని తోసుకుంటూ బయటికి రావాలని ముందే చెప్పారు, బోర్లా ఈదితే లైఫ్‌జాకెట్ మనల్ని పైకి నొక్కేసి కదలనివ్వదు. మూడోసారికి గానీ నాకు సరిగ్గా రాలేదు. వచ్చిన రోజు సరంగు సీటు సగం దగ్గరికి వచ్చేసినట్టే అనుకున్నాను.

కోర్సుకి మామూలు ఫిట్‌నెస్ కాగితం చాలింది. ఉద్యోగానికి మాత్రం నావికుల మెడికల్ వేరుగా చేయించుకోవాలి, నేను దాన్ని చివర్లో పెట్టుకున్నాను. బరువు, బీపీ, చెవులు అన్నీ అయ్యాక డాక్టరు గారు రంగు చుక్కల పుస్తకం తీశారు. ఇషిహారా పరీక్ష అంటారు, 1917 నుంచి వాడుకలో ఉంది, చుక్కల మధ్యలో దాగిన అంకె చెప్పాలి. మొదటి పేజీలో 12, అది అందరికీ కనిపిస్తుంది. తర్వాత ఒక పేజీ చూపించి ఎంత అన్నారు, 21 అన్నాను ధైర్యంగా. ఆయన ఏమీ అనకుండా రాసుకున్నారు. ఇంకో పేజీ. అందులో నాకు అంకే కనిపించలేదు. "ఆ 21 ఉందే, మామూలు చూపు ఉన్నవాళ్లకి అది 74 బాబూ" అన్నారు చివర్లో మెల్లగా. అప్పటికి నాకు 26 ఏళ్లు. ఎరుపు, ఆకుపచ్చ తేడా నా కళ్లకు సరిగ్గా అందదని ఆ రోజు దాకా నాకు గానీ మా ఇంట్లోవాళ్లకు గానీ తెలియదు.

అదెందుకంత ముఖ్యమో ఆయనే విడమరచి చెప్పారు. రాత్రిపూట నీళ్ల మీద ఎదుటి పడవ ఆకారం కనపడదు, దీపాలే కనపడతాయి. ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెల్లది, ప్రపంచమంతా ఇదే పద్ధతి, 1972లో చేసిన నౌకల రాకపోకల నియమాల్లో ఉంది. మన కుడివైపు నుంచి అడ్డంగా వస్తున్న పడవ ఎర్ర దీపం మనకు కనిపిస్తోందంటే దారి ఇవ్వాల్సింది మనమే. ఆ ఎరుపు పోల్చుకోలేనివాణ్ణి రాత్రి కాపలాకి నిలబెడితే ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు. కొన్ని దేశాల్లో పగటిపూట పనికే పరిమితం చేసి సర్టిఫికెట్ ఇస్తారు, కానీ ఆ షరతుతో ఆఫీసరు దాకా వెళ్లడం కుదరదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

అందుకే నన్ను ఎవరు అడిగినా ముందు చెప్పేది ఇదే: కోర్సు ఫీజు కట్టకముందే మెడికల్ చేయించుకోండి, అందులోనూ కళ్లు. ఒక్క పూట పని. నాకు ఆ మాట ముందే చెప్పినవాళ్లు లేరు.

నాతో కోర్సు చేసిన స్నేహితుడు డెక్ మీద చేరాడు. తన ద్వారా ఆ జీవితం ఎలా ఉంటుందో దగ్గర నుంచే చూశాను కాబట్టి కొంచెం చెప్తాను. నౌక మీద కనీసం రోజుకి 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని రూలు ఉంది, అంటే మిగతా గంటలన్నీ పనికే పోవచ్చు అని కూడా అర్థం. వాచ్ ఆఫీసరు, అంటే తన డ్యూటీ గంటల్లో నౌక నడిపే బాధ్యత చూసే ఆఫీసరు, కావాలంటే గుర్తింపు ఉన్న శిక్షణలో భాగంగా అయితే 12 నెలలు, లేకపోతే 36 నెలలు సముద్రంలో పనిచేసిన రికార్డు చూపించాలి. అందుకని వాడు ఎక్కిన ప్రతి పడవ పేరు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, కెప్టెన్ సంతకం ఒక పుస్తకంలో పెట్టుకుంటాడు. సంతకం లేని నెలలు లెక్కలోకి రావు. పడవ దిగిన ఏడాదికి కెప్టెన్‌ని వెతుక్కుంటూ తిరిగినవాళ్లు ఉన్నారు, దిగేరోజే సంతకం తీసుకోండి. నౌకలు, యాట్‌లు మాత్రమే కాదు, ఫెర్రీలు, పైలట్ బోట్లు, డ్రెడ్జర్లు, చేపల పెంపకానికి వాడే వర్క్‌బోట్లు, సముద్రంలో గాలిమరల దగ్గరికి టెక్నీషియన్లను చేరవేసే బోట్లు, ఇన్ని రకాలు ఉన్నాయి. సాయంత్రానికి ఇంటికి చేరాలనుకునేవాళ్లకి ఫెర్రీ, పైలట్ బోట్ల పనులు నయం.

ఇక నా సంగతి. మెడికల్ అయిన నెల తర్వాత ఒక బోట్ యార్డులో హెల్పర్‌గా చేరాను. నీళ్లకు దగ్గరగా ఉండొచ్చు, ఆలోచించుకోవడానికి టైమ్ దొరుకుతుంది అనే లెక్కే తప్ప ఇంకేమీ లేదు. అక్కడే నాకు మొదటిసారి తెలిసింది, ఒక్క పడవ నీళ్లలోకి దిగాలంటే వెనక ఎన్ని చేతులు ఉంటాయో. బెల్టులతో పడవని పైకెత్తి మోసుకొచ్చే పెద్ద క్రేన్ ఉంటుంది, దాని ఆపరేటర్ చేసేది చాలా బాధ్యత ఉన్న పని, బెల్టు ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి వెళ్లిందంటే షాఫ్ట్ వంగిపోతుంది. అడుగుకి నాచు, గుల్లలు పట్టకుండా యాంటీఫౌలింగ్ రంగు వేసేవాళ్లు, ఫైబర్ పనివాళ్లు, చెక్కపనివాళ్లు, ఇంజిన్ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, జీపీఎస్, రాడార్ బిగించే ఎలక్ట్రానిక్స్ వాళ్లు, తెరచాప కొయ్య, దాని తీగలు చూసే రిగ్గర్లు, తెరచాపలు కుట్టేవాళ్లు, సామాను స్టోరు చూసేవాళ్లు. వీళ్లు కాక డిజైన్ గీసే నేవల్ ఆర్కిటెక్ట్, కొనేముందు పడవని పరీక్షించి రిపోర్టు ఇచ్చే సర్వేయర్. కోర్సులో ఎవరూ మాకు వీళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

మొదటి యార్డులో నాది ప్రెషర్ వాటర్‌తో అడుగులు కడగడం, పాత రంగు గీకడం. ఆ రంగులో రాగి ఉంటుంది, అది విషం కాబట్టే గుల్లలు అంటుకోవు. ఇంకా వెనకటి రోజుల్లో టీబీటీ అనే తగరం రసాయనం కలిపేవారు, దానివల్ల ముత్యపు చిప్పల జాతి జీవుల పెంకులు వంకర తిరిగిపోయాయి, కొన్ని ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి, చివరికి 2001లో దాని మీద అంతర్జాతీయ ఒప్పందం చేసుకుంటే 2008లో అమల్లోకి వచ్చింది. పాత పడవల అడుగుపొరల్లో ఏముందో ఎవరు చెప్పగలరు? అలాంటి రంగుని పొడిగా గీకమని, గుడ్డ కట్టుకుంటే చాలని చెప్పేవారు అక్కడ. సాయంత్రానికి ఉమ్మితే ఉమ్ము రంగుగా పడేది. సరైన మాస్కు అడిగితే నెల రోజులు రేపు, ఎల్లుండి అన్నారు. నేను మానేశాను. ఇందులో మొహమాటం అక్కర్లేదు: ఫిల్టర్ ఉన్న మాస్కు ఇవ్వని చోట, రంగుని తడిపి గీకనివ్వని చోట ఒక్క రోజు కూడా చేయకండి. ఊపిరితిత్తులు ఎవరూ మార్చి ఇవ్వరు.

రెండో యార్డులో ఫైబర్ పని నేర్చుకున్నాను, అయిదు నెలలు. ఈ పని చూడ్డానికి బండగా ఉంటుంది గానీ చాలా సున్నితం. అచ్చులో ముందు జెల్‌కోట్, అంటే పడవకి బయటి నునుపు పొర, దాని మీద గాజు చాప, రెజిన్ అనే జిగురు, రోలరుతో గాలి బుడగలు ఒక్కటి లేకుండా నొక్కుకుంటూ రావాలి. రెజిన్‌లో హార్డెనర్ 1 నుంచి 2 శాతం, అంతే, ఎండ ఎక్కువైతే తగ్గించాలి. ఒక మధ్యాహ్నం నేను పెద్ద బకెట్టులో ఒకేసారి కలిపి, సగం వాడి, ఎవరో పిలిస్తే పక్కకి వెళ్లాను. వచ్చేసరికి బకెట్టు నుంచి పొగ, ప్లాస్టిక్ మెత్తబడి ఒక పక్కకి ఒరిగిపోయింది. గట్టిపడేటప్పుడు రెజిన్ వేడి పుట్టిస్తుంది, పలచగా పరిస్తే ఆ వేడి పోతుంది, లోతుగా ఒకచోట ఉంటే పోయే దారి లేక ఇంకా పెరుగుతుంది. అప్పటి నుంచి చిన్న గిన్నెలే. ఆ హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం, అద్దాలు లేకుండా మూత కూడా తీయకూడదు. రెజిన్‌లో వేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ని, దీన్ని నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపడం అంటే పేలుడు కలుపుతున్నట్టే. ఈ రెండు సీసాలూ మా దగ్గర వేర్వేరు అలమారల్లో ఉండేవి. పని నాకు నచ్చింది, ఒళ్లు ఒప్పుకోలేదు, గాజు పోగులకి చేతుల మీద దద్దుర్లు వచ్చి రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు.

అదే యార్డులో ఇంజిన్ల మేస్త్రి గారు ఒకరు ఉండేవారు. నేను కార్ల షెడ్డులో చేశానని తెలిసి ఒక రోజు పిలిచి, బెంచీ మీద ఔట్‌బోర్డ్ మోటార్ (పడవ వెనక బయట తగిలించేది) బ్రాకెట్ పెట్టి, "ఆ బోల్టు తియ్యి" అన్నారు. అదే నా ఇంటర్వ్యూ అని తర్వాత తెలిసింది. అల్యూమినియంలోకి బిగించిన స్టెయిన్‌లెస్ బోల్టు, చుట్టూ తెల్లటి పొడి పేరుకుపోయి రాయిలా ఉంది. ఉప్పునీళ్లలో ఆ రెండు లోహాలూ తగులుకుంటే అల్యూమినియం కొరుక్కుపోతుంది, ఆ తెల్లపొడి అదే, అది ఉబ్బి బోల్టుని పట్టేస్తుంది. బలం పెడితే తల తెగి చేతికొస్తుంది. తుప్పు వదిలే నూనె పోసి, హీట్ గన్‌తో వేడి చేసి, తల మీద చిన్నగా సుత్తితో తట్టి, విప్పే ముందు వెంట్రుకవాసి బిగించి, మళ్లీ వదులు చేసి, మళ్లీ నూనె, ఇలా గంటన్నర పట్టింది. తెగకుండా వచ్చింది. ఆయన చూసి, "ఇప్పుడు తిరిగి పెట్టు" అన్నారు. గుడ్డతో తుడిచి బిగించేశాను. ఆయన మాట్లాడకుండా విప్పి, మరలు బ్రష్‌తో శుభ్రం చేసి, నీరు చొరబడకుండా మరల మధ్య గ్రీజు నింపి, మళ్లీ బిగించి చూపించారు. "తీయడం కార్ల షెడ్డు నేర్పింది నీకు. పెట్టడం ఇక్కడ నేర్చుకో. నువ్వు పెట్టిన బోల్టు ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు తీయాలి బాబూ" అన్నారు. మర్నాటి నుంచి నేను ఆయన కింద.

కారు ఇంజిన్ వచ్చు కదా, బోటు ఇంజిన్ ఎంత అనుకునేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఇంజిన్ లోపల తేడా తక్కువే, చుట్టూ ఉన్నదంతా వేరు. చదునైన రోడ్డు మీద కారు ఇంజిన్ తన బలంలో కొంచెమే వాడుతుంది, బోటు ఇంజిన్ మాత్రం రోజంతా ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే ఉంటుంది. చల్లబరచడానికి గాలి లేదు, బయటి నీళ్లే లాక్కోవాలి. కారు కింద పెట్రోలు కారితే రోడ్డు మీద పడి ఆరిపోతుంది, బోటులో కారితే ఆ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి అడుగున బిల్జిలో దిగి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పడవ లోపల ఉండే పెట్రోలు ఇంజిన్ (ఇన్‌బోర్డ్) స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు ఆవిరిని బయటికి లాగే బ్లోయర్ ఫ్యాను వేసి, వాసన చూసి, అప్పుడే తాళం తిప్పాలి. స్టార్టర్, ఆల్టర్నేటర్ కూడా బయటికి నిప్పురవ్వ రాకుండా మూసి తయారుచేసినవే పెట్టాలి. కారువి పైకి అచ్చం అలాగే ఉంటాయి, బ్రాకెట్‌కి సరిపోతాయి కూడా, ధర తక్కువని అవి బిగించిన పడవలు నేను చూశాను, యజమానిని నిలబెట్టి చెప్పి మార్పించేదాకా ఆ పడవ స్టార్ట్ చేయలేదు.

ఒక పని మాత్రం వివరంగా చెప్పాలి, నన్ను మెకానిక్‌ని చేసింది అదే అనుకుంటాను. వేడెక్కి అలారం మోగుతోందని ఒక డీజిల్ బోటు వచ్చింది. బయటి నీళ్లు లాగే పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది, చిన్న పువ్వులా రెక్కలతో. మూత తీస్తే ఆరు రెక్కల్లో నాలుగే ఉన్నాయి. కొత్తది తెచ్చి పెట్టబోతుంటే మేస్త్రి గారు నా మణికట్టు పట్టుకున్నారు. "మిగతా రెండూ ఏవి?" అడిగారు. నీళ్లు ఎటు పోతాయో అటే పోయి ఉంటాయి, ఇంకెక్కడికి పోతాయి. హోసు విప్పాను, వంపు దగ్గర ఒక రెక్క మడతపడి ఇరుక్కుని ఉంది. బయటి నీళ్లతో ఇంజిన్‌ని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత తీశాను, సన్నని గొట్టాల నోళ్లకి అడ్డంగా ఇంకో ముక్క, గోరంత. ఇంకా ఏదో తక్కువ ఉంది. టార్చి పళ్లతో పట్టుకుని, సన్నని కొక్కెంతో ఒక్కో గొట్టం వెతికి, చివరికి ఒక మూలలో మిగిలిన ముక్క తీశాను. తెల్లగుడ్డ మీద పాత ఇంపెల్లర్ పెట్టి, ముక్కలన్నీ వాటి చోట్లలో అతికినట్టు పేర్చి, ఆరు రెక్కలూ పూర్తయ్యాకే ఆయన తల ఊపారు. ఆ ముక్కలు లోపలే ఉంటే కొత్త ఇంపెల్లర్ పెట్టినా ఒడ్డుకి దూరంగా వెళ్లాక మళ్లీ వేడెక్కేది. కారయితే రోడ్డు పక్కన ఆపొచ్చు.

ఆ తర్వాత నెలకే నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఇంపెల్లర్ మార్చేటప్పుడు బయటి నీళ్లు పడవలోకి వచ్చే చోట ఉండే వాల్వు, సీకాక్ అంటారు, మూస్తాం. మార్చాను, బిగించాను, సీకాక్ తెరవకుండా ఇంజిన్ స్టార్ట్ చేశాను. ఆ రబ్బరుకి నీళ్లే కందెన, పొడిగా తిరిగితే నిమిషాల్లో కాలిపోతుంది. కాలిన రబ్బరు వాసనకి ఆపేసరికే కొత్త ఇంపెల్లర్ పోయింది. కప్పిపుచ్చకుండా వెళ్లి చెప్పాను, ఆయన తిట్టలేదు, ఒక కొక్కెం ఇచ్చి సీకాక్ పిడికి ఇంజిన్ తాళం తగిలించడం చూపించారు. సీకాక్ మూసిన క్షణమే తాళం అక్కడ వేలాడాలి, స్టార్ట్ చేయాలంటే తాళం కోసం సీకాక్ దగ్గరికే రావాలి, అప్పుడు తెరవడం మర్చిపోవడం కుదరదు. ఈ రోజుకీ అదే చేస్తాను, నా కింద వచ్చే ప్రతి కుర్రాడికీ మొదటి వారమే నేర్పుతాను.

ఇలాంటివి ఇంకా బోలెడు. గేరు ఆయిల్ తీసినప్పుడు పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయి నీళ్లు దిగాయని అర్థం. ఇంజిన్‌ని కాపాడటానికి తానే కరిగిపోయే లోహపు ముక్క, యానోడ్, ఉప్పునీటికైతే జింక్, మంచినీటికైతే మెగ్నీషియం, రెండూ కలిసే చోట అల్యూమినియం, దాని మీద రంగు వేస్తే అది పనిచేయదు. ఇంజిన్‌ని ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్ అమరిక నేల మీద ఎంత బాగా చూసినా పడవ నీళ్లలోకి దిగాక మళ్లీ చూడాలి, ఎందుకంటే నీళ్లలో పడవ ఒళ్లు కొంచెం సర్దుకుంటుంది. నాలుగంగుళాల కప్లింగ్‌కి రెండు ముఖాల మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదు.

కాగితాల గురించి. చేతిపని వచ్చాక నేను ఔట్‌బోర్డ్ కంపెనీ వాళ్ల ట్రైనింగ్‌కి వెళ్లాను, యమహా, మెర్క్యురీ, సుజుకీ లాంటి కంపెనీలన్నీ తమ డీలర్ల మెకానిక్‌లకి ఇలాంటి కోర్సులు నడుపుతాయి, ల్యాప్‌టాప్ తగిలించి లోపం చదవడం అక్కడే వచ్చింది. బోటు వైరింగ్, ఇంధన లైన్లు ఎలా ఉండాలన్న దానికి 1954లో మొదలైన ఏబీవైసీ అనే అమెరికా సంస్థ ప్రమాణాలు ఉన్నాయి, సర్టిఫికెట్లూ ఇస్తుంది, దాని పుస్తకం ఏ దేశంలో ఉన్నవాళ్లకైనా పనికొస్తుంది. డిజైన్ వైపు వెళ్లాలంటే మాత్రం డిగ్రీ తప్పదు, చేత్తో నేర్చుకుని వెళ్లే దారి కాదది.

ఇప్పుడు బాగా మనుషులు కావాల్సిన పని బోట్ల ఎలక్ట్రానిక్స్. ఇంజిన్, జీపీఎస్, లోతు చూసే యంత్రం అన్నీ ఎన్ఎమ్ఈఏ 2000 అనే ఒక్క కేబుల్ మీద మాట్లాడుకుంటాయి. దానికి రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు అనే రెసిస్టర్లు ఉండాలి, పవర్ ఆపి మీటర్ పెడితే 60 చూపించాలి. 120 చూపిస్తే ఒక చివర ఊడిపోయినట్టు. స్క్రీన్ మీద అంకెలు వచ్చి పోతున్నాయని మూడు రోజులు తలపట్టుకున్న పడవని ఈ ఒక్క కొలతతో బాగుచేశాను. నా రంగుల సంగతి తెలుసు కదా, అందుకని ఏ వైరు ముట్టుకున్నా రెండు చివర్లా నంబరు స్లీవ్ తొడిగి, అదే నంబరు కాగితం మీద గీసుకుంటాను. రంగు నమ్మి చేయాల్సిన కనెక్షన్ ఉంటే పక్కవాళ్లని పిలిచి అడుగుతాను, అడగడానికి సిగ్గుపడను. విచిత్రంగా నేను వైరింగ్ చేసిన పడవలంటే మిగతా ఎలక్ట్రీషియన్లకి ఇష్టం, నంబర్లు ఉంటాయి కాబట్టి.

కష్టాలు కూడా చెప్పాలి. సీజన్ ముందు రెండు నెలలు ఆదివారం ఉండదు, అందరి పడవలూ ఒకే వారంలో దిగాలి. సీజన్ అయ్యాక పని పలచబడుతుంది, కొన్ని యార్డులు మనుషుల్ని తగ్గిస్తాయి, చేరేముందే ఆ నెలల్లో జీతం ఏంటో అడగండి. ఇంజిన్ గదిలో నిలబడే చోటు ఉండదు, తలకిందులుగా వేలాడుతూ ఒంటి చేత్తో నట్టు వెతుక్కోవాలి. తొమ్మిదేళ్లకి నా మోకాళ్లు మెట్లు దిగేటప్పుడు మాట్లాడుతున్నాయి. మోకాళ్ల ప్యాడ్లు, చెవులకి మఫ్లు మొదటి నెల జీతంతోనే కొనుక్కోండి, స్పానర్ల కన్నా ముందు.

ఆ మోకాళ్ల వల్లే ఇప్పుడు సర్వే పని వైపు చూస్తున్నాను. ఇంజిన్లు వదలను, కానీ ఇంకో పదేళ్లకి బిల్జిలో దూరే ఒళ్లు ఉండదు. ఆరు నెలలుగా సెలవు రోజుల్లో ఒక సర్వేయర్ గారి వెంట వెళ్తున్నాను, జీతం లేదు, బ్యాగు మోసి చూసి నేర్చుకోవడమే. ఆయన చిన్న ప్లాస్టిక్ సుత్తితో పడవ అడుగంతా అంగుళం అంగుళం తడతారు. గట్టి చోట టక్ మని తేటగా పలుకుతుంది, పొరలు విడిపోయిన చోట డబ్ మని మొద్దుగా. అడుగున ఉబ్బిన పొక్కు ఒకటి పొడిస్తే వెనిగర్ వాసనతో జిగురు నీళ్లు కారాయి, ఫైబర్‌లోకి నీరు దిగి పొరల్లో ఊరితే అలా అవుతుందని ఆయన చూపించేదాకా నాకు ముక్కుతో కూడా సర్వే చేస్తారని తెలియదు. ఫైబర్ పనిలో ఆ అయిదు నెలలు వృథా అనుకునేవాణ్ణి, ఇప్పుడు ఆ పొరలు ఎలా వేస్తారో తెలిసినందువల్లే ఆ చప్పుడు నాకు తొందరగా అర్థమవుతోంది.

పోయినవారం సుత్తి మొదటిసారి నా చేతికిచ్చారు. గంటసేపు తట్టి, మొద్దుగా పలికిన చోట్ల సుద్దతో గుండ్రాలు గీశాను, మూడు. తర్వాత ఆయన అదే అడుగు మళ్లీ తట్టుకుంటూ వచ్చి ఇంకో రెండు గీశారు. ఆ రెండు చోట్లా చెవి దగ్గరపెట్టి మళ్లీ మళ్లీ తట్టి చూశాను, ఒకటి వినిపించింది, రెండోది నాకింకా వినపడలేదు. వచ్చే ఆదివారం ఆ పడవ దగ్గరికే వెళ్తున్నాం.